జర సర్ది

అన్నా,

దవాఖానకు తిరిగీ తిరిగీ అలసిపోయాను. మా కింది వాటాలో కిరాయికుండే సుజాతకు కూడా నీలాగే ముక్కులోంచి కెమెరా పంపి తలలో గడ్డ తీశారు. ఇంటికొచ్చాక, చెప్పుల కోసం వంగితే ముక్కు నుంచి నీళ్లు కారాయి.

"ఏం లేదు, జర సర్ది అయింది," అంటూ వాళ్లత్త మిరియాల పాలు తెచ్చింది.

అచ్చం నీ మాటే. మేమూ అలాగే పాలు కాచి ఇచ్చాం. అది మెదడు చుట్టూ ఉండే నీరని డాక్టరు చెప్పేనాటికి నీకు మెదడువాపు జ్వరం ముదిరిపోయింది; నువ్వు మాకు దక్కలేదు.

గ్లాసు పక్కన పెట్టించి, ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు ఆటోలో తీసుకెళ్లాను. నీరు కారే చోటు మూశారు. ఇవాళ ఇంటికొచ్చింది.

వాళ్లత్త నా చేయి పట్టుకుంది. "సర్ది కాదని నీకెట్ల తెలిసింది బిడ్డా?"

ఇంకేం చెప్పే ఓపిక లేక, "మా అన్న చెప్పిండు," అన్నాను.