పది నిమిషాలు ముందుండే వాచీ

చిన్నోడా, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఎండకీ వానకీ ఆగే వాచీ చవకలో చూడమన్నావని బజారుకెళ్ళాను. షాపాయన నా చేతికున్న మీ అన్న వాచీ చూశాడు. తొమ్మిదేళ్ళు సిమెంటు పనిలో నలిగిందని చెబితే, "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావేంటమ్మా!" అని నవ్వాడు. నాకు ఏడుపాగలేదు. వాడు పోయాక ఒక్కరోజూ విప్పలేదురా. అయినా ఊరికొచ్చిన మీ పని మేస్త్రీ చేత నీకే పంపుతున్నాను. రబ్బరు పట్టీ కొత్తది వేయించాను. వాడిలాగే అద్దం అరచేతి వైపుకి తిప్పి కట్టుకో, పనిలో ఇనప చువ్వలు అద్దానికి తగలవు. పనికెళ్ళే లారీ తప్పిపోతుందని వాడు పది నిమిషాలు ముందుకి పెట్టుకున్నాడు. షాపాయన సరిచేస్తానంటే వద్దన్నాను. నువ్వూ మార్చకు. దుప్పటి చాలుతోందా? అన్నానికి కూడా ఆ వాచీయే చూసుకో. కడుపునిండా తిను.

అమ్మ