సాక్ష్యంలో విడిచిన నడుమ భాగం

మా ఇంట్లో దెబ్బ ఎవరికి తగిలినదీ, అది ఏ ఆదివారంలోగా మానినట్లు ప్రకటించవలసినదీ నిర్ణయించు గౌరవ చర్చి సంఘ అధికారులకు సవినయంగా విన్నవించునది ఏమనగా: ఈ ఉత్తరం కారేపల్లిలోని మా అమ్మకు చెందినది. ఆమె చదివిన తరువాతనే తమరు అభ్యంతరాలు తెలుపగలరు.

ప్రియమైన అమ్మకు, పెద్ద కూతురు సుగుణ వందనాలు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాయనమ్మ అన్నం తింటోందా? హైదరాబాదులో నేను క్షేమం. కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కిరాయి గది ఉడికిపోతోంది. మెస్సు కూరలో ఉప్పు తప్ప మరేదీ తెలియడం లేదు. మాట్లాడే మనిషి లేక రేడియోకు జవాబులు చెబుతున్నాను. మళ్లీ రాస్తున్నాను, క్షేమం. వీలైతే గోంగూర తొక్కు పంపు.

నిద్ర పట్టక దవాఖానాకు వెళితే డాక్టరమ్మ నన్ను గ్రూప్ థెరపీలో చేర్చారు. కొందరం గుండ్రంగా కుర్చీల్లో కూర్చుని, అయినవాళ్లతో ఎలా మసలుతామో చెప్పుకోవాలి. ఇంట్లో అలవాటైనదే అక్కడా చేస్తామట. మిగతావాళ్లు దాన్ని పట్టుకుంటారట. నా వంతు రాగానే, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పటిలాగే లేచి నిలబడి కొంగు తలమీద కప్పుకున్నాను. నాన్న నీ చెయ్యి విరిచిన సంగతి చెప్పి, "అయినా ప్రభువు మా ఇంటిని నిలబెట్టాడు" అని ముగించి, "స్తోత్రం" కోసం ఆగాను. ఎవరూ అనలేదు.

లారీ డ్రైవరు యాదగిరన్న తల గోక్కున్నాడు. "అక్కా, చెయ్యి ఇరిగిందన్నవ్, ఇల్లు నిలబడ్డదన్నవ్. నడుమ ఏమైంది?"

"నడుమ ఏమీ లేదు" అన్నాను.

"ఏం లేకుంటే నవ్వుకుంట ఎందుకు చెప్తున్నవ్? గదేంది?"

నడుమ ఉన్నది అప్పుడు గుర్తుకొచ్చింది. కట్టు కట్టిన చేతితో, బావి దగ్గర జారిపడ్డానని నువ్వు సంఘంలో సాక్ష్యమిచ్చావు. నన్ను పక్కన నిలబెట్టుకున్నావు. ఆనాటి నుంచి నన్ను ఎవరు గాయపరిచినా, వాళ్లకంటే ముందు నేనే మానిపోయిందని ప్రకటిస్తున్నాను. ఇది రోగమో, పెంపకమో డాక్టరమ్మ ఇంకా తేల్చలేదు.

మొన్న ఫోనులో, చెల్లి కరుణ కన్ను వాచి ఇంటికొచ్చిందన్నావు. "అల్లుడొచ్చి మోకాళ్ల మీద పడి ఏడ్చిండు బిడ్డా. మారిండు. వచ్చే ఆదివారం దీంతోని సాక్ష్యం చెప్పిచ్చి అత్తగారింటికి అశ్వారావుపేట తోలిస్త."

వెనక నుంచి కరుణ గొంతు: "ఎన్నోసారి మారుడే అమ్మా?"

"నువ్వు ఊకో!" అన్నావు. నేను వద్దనబోతే ప్రార్థన అందుకున్నావు. ప్రార్థనకు అడ్డుపడటం నాకు నేర్పలేదు గనుక ఈ రాతపూర్వక నివేదన. అతను పోయినసారి మారిన తరువాతే దాని కడుపులో బిడ్డ పోయింది. దానికీ సాక్ష్యం జరిగింది. అందరూ స్తోత్రం అన్నారు.

నాన్నకు, నాయనమ్మకు నా వందనాలు. నీ దీవెన కావాలి. ఈ పనికే కావాలి.

నీ కూతురు,
సుగుణ

డిమాండు నం. 1: కరుణను సంఘం ముందు నిలబెట్టరాదు, అశ్వారావుపేట పంపరాదు. శనివారం బండికి వస్తున్నాను. నేను వచ్చేసరికి అది ఇంట్లో ఉండాలి.