కూటమి ఎనిమిదైన ఏడాది అర్డిస్ వోబోరిల్ రాసిన వీలునామా

నెబ్రాస్కా రాష్ట్రంలో ఎల్మ్ ఫోర్క్ ఊరి చర్చి వెనక వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషుడు ఫుట్‌బాల్ కోచ్ మిలో వోబోరిల్ భార్యనైన, ఎనభై ఒక్క ఏళ్ళ అర్డిస్ వోబోరిల్ అనే నేను, నిండు తెలివితో, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, నా వారసులకూ, నా తదనంతరం ఈ పత్రాన్ని అమలుపరిచేవారికీ తెలియజేయునది. నా గుండె నీరసించిన మాట నిజం. వసంతం దాటడం కష్టమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. బుర్రకు మాత్రం ఏ లోటూ లేదు. రుజువు కావలసినవారు ఈ నెల పన్నెండో తేదీన జరిగిన మా సమావేశంలో ఎవరు గెలిచారో వాకబు చేసుకోవచ్చు.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు రెండూ ఇందుమూలముగా రద్దు. అవి ఓడిపోతానన్న దిగులులో రాసినవి. ఇది గెలిచి రాస్తున్నది, కనుక దీనికే విలువ.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా కూతురు జెనీస్‌ది. కొడుకు కర్ట్ నొచ్చుకోకూడదు. కర్ట్‌ది వెన్నలాంటి మనసు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకు ఇచ్చేస్తాడు, అందుకే ఈ పని వాడికి అప్పగించడం లేదు.

2. ఈ పత్రంలో "కూటమి" అన్న చోటల్లా మా ఎల్మ్ ఫోర్క్ కాలేజీతో కలిపి ఆరు చిన్న కాలేజీల, కోల బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే మా అమెరికా ఫుట్‌బాల్ జట్ల కూటమి అని అర్థం చేసుకోవలెను. మిలో పోయిన దగ్గర్నుంచీ దాని కార్యదర్శిని నేనే. ఆరు జట్లుంటే ఒక్కొక్కరికి తమలో తాము ఐదు ఆటలే దొరుకుతాయి. మిగతా ఆటల కోసం ప్రతి ఏడూ ఊరూరా తిరిగి బతిమాలుకోవాలి. రెండు కాలేజీలకు విసుగొచ్చి, ఈసారీ కొత్త జట్లను చేర్చుకోకపోతే మా దారి మేం చూసుకుంటామని రాసి పంపాయి. నాలుగు మిగిలితే కూటమి లేదు. కూటమి లేకపోతే ఎల్మ్ ఫోర్క్‌లో ఫుట్‌బాల్ లేదు. ఫుట్‌బాల్ లేకపోతే మా కాలేజీకి కుర్రాళ్ళు రారు, ఆపైన తలుపులకు తాళమే. నా కోరిక ఒక్కటే: నేను పోయాక కూడా శనివారం మధ్యాహ్నం ఆ మైదానంలో బూరలు మోగాలి.

3. మిలో విజిల్, మిలో టోపీ, మిలో కోపం కర్ట్‌కు చెందును. వీటితోపాటు 1978లో హాలెక్ కాలేజీ మా మీద ఆఖరి క్షణంలో గెలిచిన ఆ కిక్కు స్తంభాల మధ్య నుంచి కాక బయటినుంచే పోయిందన్న వాదన కూడా వాడికే వారసత్వంగా చెందును. మిలో కన్నుమూసే ముందు నా చెయ్యి పట్టుకుంటే ఏదో ప్రేమ మాట చెబుతాడనుకున్నాను. "అది బయటికే పోయిందే, అర్డిస్" అన్నాడు. ఈ వాదనను అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని, రాజీ చేసుకోవడానికి గాని కర్ట్‌కు హక్కు లేదు.

4. చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర వండే పెద్ద రాగి గుండిగ, గరిటెలు, నా చేత్తో కుట్టిన అరవై ఏప్రాన్లు కాటర్ బ్లఫ్స్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు, దాని కోచ్ రుబేన్ ఒలివారెస్ ద్వారా చెందవలెను. ఈ గుండిగ కూటమిలోని పాత కాలేజీకి కాకుండా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకు పోవడమేమిటని గొణిగేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం కారణం రాస్తున్నాను, తీరిక చేసుకుని చదవండి.

మా కూటమిలో ఒక ఆచారం ఉంది. ఆట ముగిశాక గెలిచిన జట్టు ఏప్రాన్లు కట్టుకుని ఓడిన జట్టుకు వడ్డించాలి. చిల్లీ, పక్కన దాల్చినచెక్క బన్ను. వండేది ఆట జరిగిన ఊరివాళ్ళు, వడ్డించేది గెలిచినవాళ్ళు. మా చిన్నప్పుడు రెండు జట్లు మైదానంలో తలలు పగలగొట్టుకుంటే, అప్పటి పాదిరిగారు వేసిన శిక్ష అది. శిక్ష పోయి ముచ్చటగా నిలిచింది. చెమటోడ్చి గెలిచిన కుర్రాడు తల వంచి "ఇంకొంచెం వెయ్యనా?" అని అడగడం చూడడానికే నేను ఇప్పటికీ ఆట అయ్యాక కూడా ఆగుతాను.

కొత్త జట్లను చేర్చుకోవాలంటే ఆరు కాలేజీలూ సరేననాలి. ఒక్కరు కాదన్నా చెల్లదు. పదకొండేళ్ళుగా కాదంటున్న ఆ ఒక్కరూ హాలెక్ తరఫున కూర్చునే లయిల్ పొకొర్నీ. 1978లో ఆ జట్టు కోచ్ కూడా ఈయనే. చేరాలని అడిగినవి రెండు. కాటర్ బ్లఫ్స్ పశువుల మాంసం కర్మాగారాలున్న ఊరు. లోన్ బట్ ఇసుక కొండల్లో పశువుల కొట్టాల మధ్య కాలేజీ. నేను ఈ రెండు పేర్లూ ఎత్తగానే లయిల్ కుర్చీ వెనక్కి జరిపేవాడు. "మనకి మనం చాలు అర్డిస్. ఐదు గంటలు బస్సులో వచ్చినోళ్ళు కూర్చుని తింటారా? ఆట అవగానే బస్సెక్కి చెక్కేస్తారు. మన పద్ధతి మట్టి కొట్టుకుపోద్ది. కొత్తనీరొస్తే పాతనీరు ఉంటదా?" అనేవాడు. వాగులో చుక్క నీరు లేనప్పుడు కొట్టుకుపోవడానికి ఏముందని నేను అడిగేదాన్ని. "ఇవాళ ఇద్దరంటావు, రేపు సముద్రం ఒడ్డునించి కూడా తెస్తావు" అని లేచిపోయేవాడు. ఆయన భయం పూర్తిగా వట్టిది కాదు. పేరులో పది అని పెట్టుకుని పద్దెనిమిది జట్లను పోగేసిన పెద్ద యూనివర్సిటీల కూటమిని మేమూ చూస్తున్నాం. వాళ్ళు టీవీ కోసం పెరిగారు. మమ్మల్ని టీవీలో చూసేవాడెవడూ లేడు, మేం బతకడం కోసం పెరగాలన్నాను. మనం చావనైనా చద్దాంగాని మారొద్దన్నట్టు ఉండేది ఆయన వాలకం.

ఓటు అక్కర్లేని దారి ఒకటి చూశాను. ఈ ఏడాది కొత్త జట్లతో లెక్కలోకి రాని ఆటలు ఆడించాను. అక్టోబరులో కాటర్ బ్లఫ్స్ హాలెక్ వెళ్ళింది. వెళ్ళి హాలెక్‌ను వాళ్ళ మైదానంలోనే చితక్కొట్టింది. నేను ఎల్మ్ ఫోర్క్ దాన్నే, అయినా ఆ రోజు నా గొంతు బొంగురుపోయేలా కాటర్ బ్లఫ్స్ కోసం అరిచాను.

ఆట అయ్యాక హాలెక్ భోజనశాలలో చిల్లీ సిద్ధంగా ఉంది. అంతలో కాటర్ బ్లఫ్స్ కుర్రాళ్ళు బస్సులోంచి పెద్ద పెద్ద పెట్టెలు మోసుకొచ్చారు. నిండా తమాలేలు, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి, రెండు జట్లకూ సరిపడా. గెలిచినవాళ్ళు వడ్డించాలని నేను చెబితే, గెలిచినవాళ్ళే వండుకుని కూడా రావాలనుకున్నారట! లయిల్ ముఖం కందగడ్డైంది. "గెలుస్తామని ముందే వండుకొచ్చారా? అంత పొగరేంటయ్యా మీకు?" అన్నాడు. రుబేన్ టోపీ తీసి, "పొగరు కాదు పెద్దాయనా. గెలిచి కూడా పెట్టకపోతే పరువు పోద్దని మా అమ్మావాళ్ళు రెండ్రోజులు పొయ్యి దగ్గరే ఉన్నారు. ఓడుంటే దారిలో మేమే తినేవాళ్ళం, ఏడుస్తా" అన్నాడు. హాలు మొత్తం పడీపడీ నవ్వింది. లయిల్ నవ్వకుండా ఒక తమాలే తీసుకుని పొట్టుతో సహా కొరికాడు. పక్కన వడ్డిస్తున్న కుర్రాడు ఇంకొకటి తీసి, పొట్టు విప్పి, ఆయన పళ్ళెంలో పెట్టాడు. మా చర్చిలో పెరిగిన పిల్లలకైనా అంత మర్యాద తెలుస్తుందని నేను ప్రమాణం చెయ్యలేను.

కాటర్ బ్లఫ్స్ వాళ్ళు బస్సెక్కి చెక్కెయ్యలేదు. అందరికంటే ఆఖరున, గిన్నెలు కడిగి వెళ్ళారు. అయినా లయిల్‌ను కదిలించింది అది కాదు. హాలెక్ కెప్టెన్ కోల్టన్ ఆయన మనవడే. వాడు ఉబ్బిన పెదవి మీద ఐసు ముక్క అదుముకుంటూ, "వచ్చే ఏడు వీళ్ళు రాకపోతే ఈ దెబ్బకి బదులెప్పుడు తీర్చుకుంటాం తాతా?" అన్నాడు. లయిల్‌కు ప్రేమా ధర్మమూ ఎంత చెప్పినా ఎక్కవు, పగ అంటే మాత్రం ఇట్టే ఎక్కుతుంది. కొత్తవాళ్ళు వస్తే పాత వైరాలు చచ్చిపోతాయని పదకొండేళ్ళు భయపడ్డ మనిషికి, చక్కటి కొత్త వైరం ఒకటి తన బల్ల దగ్గరే పుట్టడం కళ్ళారా కనిపించింది.

పన్నెండో తేదీన ఐదు చేతులు లేచాయి. లయిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా కుర్రాళ్ళకి వాళ్ళ మీద కసి ఉంది. అది తీరాలి" అని చెయ్యెత్తాడు. భుజం నొప్పి వల్ల ఆ చెయ్యి సగమే లేచింది, కాని సగం చెయ్యీ ఓటే. నేను లేచి నిలబడి అరిచాను. డెబ్భై ఏళ్ళు చర్చి పాటల బృందంలో పాడినదాన్ని, అలా అరవకూడదు. అరిచాను, బల్ల మీద పిడికిలితో కొట్టాను, కాఫీ ఒలకబోశాను. కూటమి బతికింది. మా కాలేజీ బతికింది. మనిషి ఒక్క జన్మలో ఇంతకంటే ఏం గెలుస్తాడు?

కనుక గుండిగ కాటర్ బ్లఫ్స్‌కే.

5. నా కొలాచీ బన్నుల పళ్ళేలూ, గసగసాల ముద్ద కలిపే చెక్క గిన్నే రుబేన్ తల్లి ఎస్పెరాన్సా ఒలివారెస్‌కు. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నాది అంతంతమాత్రం. అయినా హాలెక్‌లో ఆ సాయంత్రం ఇద్దరం పక్కపక్కన కూర్చుని పిండి ఎంతసేపు నానాలో చేతులతోనే పోట్లాడుకున్నాం. పిండి విషయంలో ఆమె చెప్పిందే రైటు.

6. నేనుంటున్న ఇల్లూ, వెనక మిలో చలికాలం సాధన కోసం నేల పరిపించి పొయ్యి పెట్టించిన పెద్ద ట్రాక్టర్ల షెడ్డూ కూటమికి సర్వహక్కులతో చెందవలెను. నవంబరులో మంచు పడి దారులు మూసుకుపోతే దూరపు జట్లు ఎక్కడ పడుకుంటాయని లయిల్ ప్రతిసారీ అడిగేవాడు. ఇక్కడ పడుకుంటాయి. కుర్రాళ్ళు షెడ్డులో, కోచ్‌లు ఇంట్లో. హాలెక్ వాళ్ళు కూడా రావచ్చు, బూట్లు మాత్రం గుమ్మం బయట విప్పాలి. ఈ సంగతి నేను సమావేశంలో చెప్పలేదు, ఇల్లు ఆశపెట్టి ఓటు కొన్నదనే మాట పడడం ఇష్టం లేక. జెనీస్‌కూ కర్ట్‌కూ చెరో ఇల్లు ఉంది. వాళ్ళిద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. కర్ట్ ఎలాగూ ఒప్పుకునేవాడే.

7. దక్షిణం వైపు పొలం పిల్లలిద్దరికీ సమానంగా.

8. మైదానంలో తూర్పు వరసలో నా చోటు, నా ఎర్ర దుప్పటి, వేడి కాఫీ ఫ్లాస్కు ఎవరికీ శాశ్వతంగా ఇవ్వడం లేదు. ప్రతి ఆటకూ, ఎక్కువ దూరం నుంచి కొడుకు ఆట చూడడానికి వచ్చిన తల్లిని వెతికి జెనీస్ అక్కడ కూర్చోబెట్టాలి. వచ్చే సెప్టెంబరులో ఎనిమిది జట్ల మొదటి ఆట నేను చూడను. ఈ మాట రాసేటప్పుడు ఏడుపొచ్చింది, వచ్చిందని రాస్తున్నాను. కాని లేని ఆట చూడలేకపోవడం వేరు, ఉన్న ఆట చూడలేకపోవడం వేరు. ఆట ఉంది.

9. నన్ను మిలో పక్కన పాతిపెట్టాలి. శనివారం మాత్రం పెట్టకూడదు. ఎవరూ రారు, వచ్చినా మనసు స్కోరు మీదే ఉంటుంది. నేనైనా అంతే.

10. ఇందులో లయిల్ పొకొర్నీకి ఒక్క చెంచా కూడా రాయలేదేమని జనం చెవులు కొరుక్కుంటారు. పాత పగ సమాధిలోకి కూడా తీసుకుపోయిందంటారు. జరిగింది ఇది. ఓటు అయిన రెండు వారాలకు, ఇవాళ పొద్దున, లయిల్ మా ఇంటికొచ్చాడు. 1978లో ఆ కిక్కు తిన్న కోల బంతి నా దగ్గరే ఉంది, ఆయనకు రాద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆయన చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. సాక్షి సంతకం కూడా ఆయన్నే చెయ్యమన్నాను, కాని వీలునామాలో ఏదైనా పుచ్చుకునే మనిషి దానికి సాక్షిగా ఉండకూడదని అక్కడే ఉన్న మా వకీలు గుర్తుచేశాడు. బంతి కావాలో సంతకం కావాలో తేల్చుకోమన్నాను. పదకొండేళ్ళు ప్రతి సమావేశంలో నాకు మతి చలించిందని పదిమందిలో అన్న మనిషి, బంతిని తీసి బల్ల మీద పెట్టి, "కలం ఇటివ్వు" అన్నాడు.

ఎల్మ్ ఫోర్క్, నవంబరు 26, 2024.

(సంతకం) అర్డిస్ వోబోరిల్

పై అర్డిస్ వోబోరిల్ మాకు స్వయంగా తెలిసిన మనిషి అనీ, మా కళ్ళ ఎదుట, పూర్తి తెలివితో, ఏ మతిభ్రమణమూ లేకుండా ఈ పత్రంపై సంతకం చేసిందనీ ధ్రువీకరిస్తున్న సాక్షులు:

1. లయిల్ పొకొర్నీ, హాలెక్

2. మెర్లిన్ డోస్టల్, పాదిరి, ఎల్మ్ ఫోర్క్