పేరు తీసేసిన మొహం

బెంగళూరు,
12 జూలై 2007, గురువారం.

ప్రియమైన అక్కకు,

ఈ పొద్దు కాలేజీలో కూర్చోగానే నిన్ను చూసినాను. ఎట్లా అనేది చెప్తాను, భయపడొద్దు. నేను బాగుండా. నాయన, అమ్మ, అవ్వ బాగుండారని తలుస్తాను. ఈ ఉత్తరం ధర్మవరంలో ఇంటికి కాకుండా, నువ్వు పాఠాలు చెప్పే బత్తలపల్లి బడికి ఎందుకు పంపినానో చదివితే నీకే తెలుస్తుంది.

ఈడ రోజూ తుంపర. హాస్టల్లో సాంబారు తీపి. వీలైతే శెనక్కాయల పొడి పంపు. తిండికేం లోటు లేదు, దిగులు పడొద్దు.

నా పని మెదడు స్కాన్లతో. మూడు ఆసుపత్రుల స్కాన్లు చూపించి, గడ్డ యాడుండాదో కనుక్కోవడం కంప్యూటరుకు నేర్పిస్తాండాం. రోగుల పేర్లు, ఊర్లు తీసేసే మాకిస్తారు. ఈ పొద్దు ఒక స్కాను తెరిచి, పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చమన్నాను. మెదడు వస్తాదనుకుంటే దాని మీది చర్మం వచ్చింది. వెంట్రుకల్లేవు, రంగు లేదు, బూడిదతో చేసినట్టు ఒక మొహం. మౌసు కదిపితే మెల్లగా నా పక్కకు తిరిగింది. చిన్నప్పుడు మగ్గం గుంతలో పడి నీ కనుబొమ్మ మీద అయిన నొక్కు. చీలిన ఆ చెవి తమ్మె. నిశ్చేష్ట అనే మాట మొన్ననే నేర్చుకున్నానక్కా. అది ఇంత చల్లగా ఉంటాదని తెలీదు.

హిందూపురంలో ట్రైనింగని చెప్పి నువ్వు పోయింది ఈ స్కానుకేనా? ఆ స్కాను గడ్డ ఉన్నవాళ్ళ గుంపులో ఉండాదో, లేనివాళ్ళ గుంపులో ఉండాదో ఒక్కసారి నొక్కితే తెలుస్తాది. నొక్కలేదు. చెప్పాలనుంటే నువ్వే చెప్పు. నా నోటి నుంచి మాత్రం ఇంట్లో ఎవరికీ పోదు.

రేపు ఆ స్కాన్లన్నీ సీడీల్లో వేరే కాలేజీకి పోతాండాయి. ఇకమీద తలల స్కాన్లు ఆసుపత్రి దాటకుండా, మన ప్రోగ్రామునే ఒక్కో ఆసుపత్రికి పంపి, అది నేర్చుకున్న అంకెలు మాత్రం తెచ్చుకుందామని మా సారును అడిగినాను. మంచి మనిషే, నవ్వినాడు.

"పేరే లేదు కదమ్మా, ఎవరు గుర్తుపడతారు?"

నేను గుర్తుపట్టినానని చెప్పాలంటే నిన్ను చూపించాల. అందుకే వచ్చేసినాను. అప్పట్నుంచి హాస్టల్లో ఎవరి మొహం చూసినా, ఆ వెంట్రుకల కింద బూడిద మొహమే కనిపిస్తాంది.

అవ్వకు నా దండాలు. ఎందుకని అడక్కుండా మనిద్దరి కోసం ప్రార్థన చెయ్యమను. నువ్వు వేళకు తిను, నిద్రపో.

ఆసుపత్రిలో స్కాను మిషను సరిగా ఉండాదో లేదో చూడ్డానికని పోయిన నెల నన్ను కూడా అందులో పడుకోబెట్టినారు. నా తల స్కానూ ఆ గుట్టలోనే ఉండాది. రేప్పొద్దున కొరియరతను రాకముందే నా మొహం కంప్యూటర్లో తెరిచిపెట్టి, సారును పిలిచి, ఇదెవరు సార్ అని అడుగుతాను.

నీ చెల్లెలు,
సువార్త