ఆఫీసు బొట్టు

జార్జి టౌన్,
మంగళవారం

అత్తమ్మకు దమయంతి నమస్కరించి రాసేది. ఈడ నేనూ, నీ మనవరాలు ఆశా బాగుండాము. ఆడ గూడూరులో నువ్వూ, మరిది మునికృష్ణ వాళ్ళూ సుఖంగా ఉండారని తలుస్తాను. మోకాలికి ఆ నూనె రాస్తా ఉండావా, అలమారలో పెట్టి మరిచిపోయినావా? ఫోన్లో నీకు సరిగా వినబడదని ఉత్తరం రాస్తా ఉండాను. గట్టిగా అరిచి చెప్పే మాట కూడా కాదు ఇది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు చెబుతాను. అన్నం వేళకి తింటాను. బీచ్ స్టేషన్‌లో బండెక్కి కోడంబాక్కంలో దిగి నాలుగడుగులు వేస్తే ఆఫీసు. ట్రావెల్స్ కదా, టికెట్లకి వచ్చే తెలుగువాళ్ళతో తెలుగులో, మిగతావాళ్ళతో అరవంలో మాట్లాడాల, అంతే పని. ఏసీ ఒకటే పాడుది, ఎముకల్లో దూరతాది.

ఆఫీసుకి ఏం కట్టుకుని పోతావని రెండు ఉత్తరాల్లో అడిగినావు. నువ్వేం అడగతా ఉండావో నాకు తెలవదా? చేరకముందే మేనేజరు చెప్పేసినాడు, ముందు బల్ల దగ్గర కూచునేవాళ్ళు కళగా ఉండాల, గంజి పెట్టిన చీర కట్టుకోండి, బోసి మొహంతో రావద్దండి అని. బావ పదోనాడు నువ్వే ఏడుస్తా నా నుదుట తుడిచిన బొట్టు. ఏడాది దాటినాక నీ మనవరాలు ఆ చోటే స్టిక్కరు అతికించింది. "సుమ్మా, ఊరికే ఉండమ్మా, ఇప్పుడెవురు పట్టించుకుంటారు" అనింది. కుంకం రంగు చీర, జరీ అంచు. అద్దంలో చూసుకుంటే బాగుండాననే అనిపించింది. తిట్టుకుంటే తిట్టుకో.

బొట్టుతో ఆగలేదు అత్తమ్మా. మొదటిరోజే పక్క సీటు కోకిల, మీ ఇంటాయన ఏం చేస్తారని అరవంలో అడిగింది. ఇరవై ఏండ్లు చెప్పిన జవాబే నోటికొచ్చేసింది. "పసుపు మండీలో గుమాస్తా" అన్నాను. అనేసి నాలిక కరుచుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఎనిమిది నెలలైంది.

రోజూ డబ్బా విప్పేటప్పుడు అడగతాది, సార్ తిన్నారా అని. తిన్నారంటాను. దగ్గు తగ్గిందా అంటాది. తగ్గిందంటాను. పుల్ల పెరుగు ఆయనకి పడదని కూడా చెప్పినాను. మొన్న పుట్టినరోజుకి కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఆ ఆఫీసులో బావ ఎంత బాగుండాడో, నువ్వు చూడాల!

ఇప్పుడు అసలు సంగతి. కోకిలకి ఒకతే బిడ్డ, కలైవాణి. వచ్చే ఆదివారం పెండ్లి. పోయిన శుక్రవారం నన్ను ఇంటికి పిలిచింది. బంగారు తాళిని పసుపుతాడుకి ముత్తైదువ ఎక్కించాలంట. పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "మీరిద్దరూ ఉండేట్టే నా బిడ్డా అల్లుడూ ఉండాల. నువ్వే ఎక్కించు దమయంతీ" అనింది. చెయ్యి బెణికిందందామనుకున్నాను. అందరూ నన్నే చూస్తా ఉండారు. ఎక్కించేసినాను అత్తమ్మా. ఈ చేత్తోనే.

ఆ పెండ్లికొడుకు రోజూ తాంబరం దాకా మోటారుసైకిల్ మీద పోతాడంట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. రోడ్డు మీద బ్రేకు చప్పుడైతే చాలు, లేచి వాకిట్లోకి పోయి చూస్తాను. ఆ పిల్లకి ఏమన్నా అయితే నేనెట్లా బతికేది? మా పెండ్లినాడు నీకు పసుపుకుంకాలు లేవని వాళ్ళూ వీళ్ళూ నిన్ను వంటింట్లోనే కూచోబెట్టినారు. కన్నకొడుకు తాళి కట్టేది కూడా నువ్వు చూడలేదు. అంత జాగ్రత్త పడితే మాత్రం ఏమైంది? అది తలుచుకుంటే కొంచెం ధైర్యం వస్తాది. మళ్ళీ ఎక్కడో బ్రేకు వినబడతాది.

రేపు పొద్దున పోతానే కోకిలకి చెప్పేస్తాను. ఇంకా నాలుగు రోజులుంది, వేరే ఎవురి చేతన్నా కొత్త తాడుకి ఎక్కించుకోనీ. జుట్టు పట్టుకుని కొట్టినా సరే, ఉద్యోగం పోయినా సరే. కానీ ఆమె ముందర నిలబడినాక ఆ మాట నా నోట్లోంచి రాదేమోనని భయంగా ఉంది. ఆ రోజు ఆస్పత్రినుంచి నీకు ఫోన్ చేసింది మునికృష్ణ. చుట్టాలకి చెప్పింది ఆశ. మండీ వాళ్ళకి ఎవురు చెప్పినారో నాకు తెలవనే తెలవదు. ఈ రెండేండ్లలో నేను ఒక్కరికి కూడా చెప్పలేదత్తమ్మా. అందరికీ ముందే తెలిసిపోయింది, నాకు చెప్పే పని పడలేదు. రేపు తడబడకూడదని ఈ పూట కాయితం మీద పెడతా ఉండాను. కన్నతల్లివి, ముందు నీకే చెప్పాల.

అత్తమ్మా, బావ చచ్చిపోయినాడు.

ఇట్లు,
నీ కోడలు
దమయంతి