చిరుగులు మాయమైన అంగీ

పిన్నీ,

ఎలా ఉన్నావని అడగను. ఒళ్ళు మండిపోతోంది.

తలుపు వెనక తగిలించిన ఆ అంగీ పాతగుడ్డ కాదు. నాకిష్టమైన యానిమేలో, అదే ఆ జపాను బొమ్మల సీరియల్లో, యుద్ధం ఓడిపోయి తిరిగొచ్చే సేనాపతి వేషం. మూడు వారాలు ఉప్పుకాగితంతో రుద్ది, అంచులు కొవ్వొత్తితో కాల్చి, టీ డికాషన్‌లో నానబెట్టి మరీ దాన్ని పాడుచేశాను. నువ్వేమో రెండ్రోజులుండి, వెళ్తూ వెళ్తూ ఉతికి, చిరుగులన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి సంచిలో పెట్టావు.

నిన్న నది ఒడ్డున సంచి విప్పాను. ఫోటోలు తీయడానికి సెలవు పెట్టుకొచ్చిన నా స్నేహితురాలు, "మీ సేనాపతి యుద్ధం నుంచి వచ్చాడా, ఇస్త్రీ దుకాణం నుంచి వచ్చాడా?" అంది. ఏ ఫోటో చూసినా అలాగే ఉన్నాను. వేషాల ఫోటోల పోటీకి పంపడానికి ఇంకా ఆరు రోజులే గడువు.

ముట్టుకునే ముందు ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా?

పొద్దుటి నుంచి బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. ముప్ఫయ్యేళ్ళ దర్జీ చెయ్యి కదా, ఒక్క కుట్టూ ఊడి చావడం లేదు. ఆదివారం మొదటి బస్సుకి రా. వేసినదానివి నువ్వే విప్పు.

భుజం మీది కుట్టొక్కటీ ఉండనీ. ఆ సేనాపతికీ ఒక పిన్ని ఉండే ఉంటుంది.

నీ అక్క కూతురు