మట్టి దవాఖాన

పట్నం,
పార్థివ ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి.

అమ్మ సత్తెమ్మ పాదాలంటి మొక్కి నీ కొడుకు నారాయణ రాసేది. నేను ఇక్కడ కుశలం. నువ్వు, చెల్లె బాలమణి, లింగాల కుమ్మరివాడలో అందరూ కుశలంగా ఉండాలి. ఎప్పుడూ అలవాటు కొద్దీ రాసే మాట ఇది. ఈసారి నిజంగా మొక్కుకొని రాశాను.

ముందు ఒక పని చెయ్యాలి అమ్మా. చదువుతున్న బాలమణి ఇక్కడ ఆగాలి, నువ్వు లేచి వెళ్లి ఆ పని చేసి వచ్చి కూర్చోవాలి. మామిడికాయ తొక్కు పెట్టిన మెరుగు జాడీని తీసి ఎవరి చెయ్యీ అందని చోట పెట్టు. అందులో తొక్కు ఇక ఎవరూ ముట్టొద్దు. వృథా అవుతుందని పక్కింటికి పంపొద్దు, గొడ్లకు కూడా వెయ్యొద్దు. ఎందుకో కింద రాస్తాను. ఉత్తరం తెచ్చిన మల్లయ్య మా దగ్గర బట్టీ చూసే మనిషి, సొంతూరు నాగర్‌కర్నూల్. టపా అయితే ఆలస్యం అవుతుందని అతన్ని పంపాను. నీళ్లిచ్చి కూర్చోబెట్టండి, జవాబు తీసుకునే తిరిగి వస్తాడు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవి చెబుతాను. తిండి గురించి పరేషాన్ కావద్దు. లడాయి అయిపోయినా రేషను అయిపోలేదు. బియ్యం పురుగులతో వస్తున్నాయి కనుక జొన్నరొట్టె మీదే ఉంటున్నాను. సన్నబడ్డానని నీకు ఎవరు చెప్పారో నాకు తెలుసు, ఆ మనిషికి వేరే పని లేదు. ఒళ్లు బాగానే ఉంది కాని ఈ మధ్య పొద్దున లేస్తూనే అలసటగా ఉంటోంది. పగలంతా మట్టి జల్లించి, నూరి, బిళ్లలు చేసి కాల్చి, పగిలినవి పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. నువ్వు నా లాబొరేటరీకి పెట్టిన పేరు ఇక్కడ అందరికీ చెప్పాను. మట్టి దవాఖాన అంటే మా అనంతయ్యగారు కూడా నవ్వారు. అనంతయ్యగారంటే నా మీద అధికారి, రసాయనశాస్త్రం చదివిన పెద్దమనిషి.

బక్కయ్య మామ ఇంకా గొణుగుతూనే ఉన్నాడని రాయించావు. "మూడూర్ల కుమ్మరోళ్లను ఒక్క ఆవం కాడికి తోలితే ఎవని కుండ ఏదో ఎట్ల తెలుస్తది?" అన్నాడట. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కాని అమ్మా, ఒక్క ఇంటివాళ్లం జాడీ చెయ్యగలిగే వాళ్లమా? తెల్లగా కాలే మట్టి మన లింగాల దగ్గర ఉంది. పెద్ద పాత్ర సారె మీద లేపే చెయ్యి తెలకపల్లి వాళ్లది. అంగడి, బండ్లబాట నాగర్‌కర్నూల్‌వి. ఏ మట్టిలో ఏముందో, ఏ పూత ఎంత వేడికి కరుగుతుందో చెప్పేది మా లాబొరేటరీ. ఇవన్నీ కలిస్తేనే సీమజాడీకి ఎదురు నిలబడే జాడీ తయారైంది. నాన్న బతికున్నప్పుడు ఒక ఇంటి కిటుకు పక్కింటికి చెబితే తన్నుకునేవాళ్లు. ఇప్పుడు తెలకపల్లిలో ఒకరికి తట్టిన ఉపాయం వారం తిరక్కుండా మన వాడలో ఉంటోంది. అది చూసి నేను చాలా గర్వపడ్డాను.

లడాయి ఆగింది గదా, ఓడల్లో మళ్లీ సీమజాడీలు వస్తాయా అని అడిగావు. వస్తాయి. వచ్చే ఎండాకాలం మామిడికాయల నాటికి దుకాణాలు నింపుతామని ఇక్కడి షావుకార్లు ఇప్పటినుంచే చెబుతున్నారు. అందుకే, ఈ కురుమూర్తి జాతరకే మన సరుకు జనం చేతుల్లో పడాలని నేను మిమ్మల్ని అంత తొందరపెట్టాను. నా మాట మీద మూడూళ్లవాళ్లు ఈ యేడు కుండలు చెయ్యడం మానేసి జాడీలే చేశారు. కుండలివ్వకపోతే రైతులు కళ్లంలో మన వంతు మేర గింజలు కొలవరని తెలిసీ చేశారు. ఒక్కొక్క ఇంటికి వెళ్లి ఒప్పించింది నువ్వే.

ఇక నువ్వు అన్నిటికన్నా చివర అడిగిన ప్రశ్న. "కొడుకా, తొక్కు పెట్టిన జాడీ లోపల మెరుగు పోయి సున్నం పూసినట్ల తెల్లగ అయితుంది, గిట్ల ఎందుకైతుంది?" అని. నువ్వు ఊరికే అడిగావు. చదవగానే నేను లేచి లాబొరేటరీకి పరుగెత్తాను.

మీరు మచ్చుకు పంపిన జాడీ ఒకటి ఇక్కడ ఉంది. దాంట్లో సిర్కా పోసి మూతపెట్టి ఒక రోజు ఉంచాను. సిర్కా కూడా మామిడికాయలాగే పుల్లనిది. దాన్ని గాజుగిన్నెలోకి వంపి, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గ్యాసు ఒకటి పట్టిస్తే, చూస్తుండగానే కాటుకలాగా నల్లబడింది. సీసం ఉంటే అట్లా నల్లబడుతుంది. మన పూతలో వేసే ఎర్ర సిందూరం సీసం కాల్చి చేసిందే. మొదటి పొట్లం తెచ్చిననాడు, ఆంజనేయస్వామికి పూసేది గదా అని నువ్వు కళ్లకద్దుకున్నావు. బాగా మంటలో కాలి గాజులో కలిసిపోతే అది కదలదు. సిందూరం పాలు ఎక్కువై వేడి తక్కువైతే మాత్రం పులుపు దాన్ని కొంచెం కొంచెంగా కరిగించి తనలోకి లాక్కుంటుంది. తినేవాళ్లకు రుచిలో తేడా తెలియదు. అది విషం అమ్మా.

అనంతయ్యగారు ఆ గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి చూశారు. తరువాత అడిగారు. "నారాయణా, సీసం ఇంత ఎట్ల వచ్చింది? మనం రాసిచ్చిన పాలు ఇది కాదు గద."

"తెల్వదు సార్" అన్నాను.

"ఊరోళ్లు తెలివితక్కువతనంతోటి ఎక్కువేసినట్టున్నరు" అన్నారాయన. తల వంచుకొని గిన్నె కడిగాను.

ఇదమ్మా నేను ఇంతదూరం సాగదీసి రాస్తున్నది. ఎక్కువేసింది ఊరివాళ్లు కాదు. వెయ్యమన్నది నేను.

వైశాఖంలో తెలకపల్లిలో జాడీలు కాల్చడానికి మొదటి ఆవం పెట్టినప్పుడు నేను వచ్చాను గదా. వేడి చూడటానికి లోపల చిన్న మట్టికొమ్ములు నిలబెట్టాను. వేడి చాలితే అవి వంగాలి. ఎంత మంట పెట్టినా వంగలేదు. మన ఆవం ఆ వేడికి కట్టింది కాదు. వేడికి తట్టుకునే ఇటుకలు మా పైఅధికారులు పంపుతామన్నారు, లడాయి వల్ల రాలేదు. పూత కరగక గరుకుగా, బూడిద పూసినట్టు ఉండిపోయింది. బక్కయ్య మామ చెమట తుడుచుకుంటూ, "నారిగా, సగం అడివి ఆవంలనే పోసినం. ఇంక కట్టెలు యాడికెల్లి తెస్తం? నువ్వు సదివినోనివి, ఏదన్న ఉపాయం జెప్పు బిడ్డా" అన్నాడు. చుట్టూ అందరూ నా మొహమే చూస్తున్నారు. లాబొరేటరీకి తిరిగి వెళ్లి అడిగి వస్తానని చెప్పి ఉండవలసింది. "సిందూరం పెంచుదం, అప్పుడు ఈ వేడికే కరుగుతది" అన్నాను. కరిగింది. జాడీలు అద్దాల్లాగా మెరిశాయి. ఆ రోజు నువ్వు నా చెంపలు నిమిరి మెటికలు విరిచావు.

సీసం ఎక్కువైతే పులుపుకు నిలవదని అంతకుముందే ఇక్కడ ఒకసారి విన్నాను. ఆ మాట నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది కూడా. ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్క ఇంటి తప్పయితే ఒక్క ఇంట్లో ఉండేది. మూడూళ్లను నేనే కలిపాను కనుక ఇప్పుడు మూడూళ్ల జాడీలూ అట్లాగే ఉన్నాయి.

ఒక రోజంతా ఊరుకున్నాను. మన వాళ్లను తెలివితక్కువవాళ్లని అంటుంటే విని ఊరుకున్నానన్న మాట అన్నం దగ్గర గుర్తొచ్చి కంచం ముందునుంచి లేచాను. నిన్న వెళ్లి అనంతయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే నాకు కొంచెం నయంగా ఉండేది. పప్పులూ బెల్లమూ పెట్టుకోవడానికైనా ఆ జాడీలు అమ్ముకోనివ్వండి సార్ అని బతిమాలాను. "కొన్నోళ్లు ఏం పెట్టుకుంటరో ఇంటింటికి పోయి చూస్తవా నువ్వు?" అన్నారు. ఇటుకలు వచ్చాక మంచి బట్టీ కట్టిద్దాం, ఈ పని ఆపొద్దు అని మాత్రం ఆయన అన్నారు. నన్ను ఉంచుతారో పంపిస్తారో తెలియదు. పెద్ద అధికారి వచ్చి నా వాంగ్మూలం రాసుకునేదాకా పట్నం దాటొద్దన్నారు.

అందుకే నేను చెయ్యవలసిన పని నీ నెత్తిన పెడుతున్నాను. బండ్లు జాతరకు కదలకూడదు. అన్ని ఇళ్లవాళ్లనూ పిలిచి ఈ ఉత్తరంలో ఉన్నది చెప్పు. లాబొరేటరీ మోసం చేసిందని అనుకోనివ్వకు, నా కొడుకు తప్పు చేశాడని చెప్పు. మనింటి జాడీలు ముందు పగలగొట్టు. నువ్వు పగలగొడితే మిగతావాళ్లు కాదనలేరు. మొన్న వాళ్లను ఒప్పించిన నోటితోనే ఇప్పుడు ఇది చెప్పాలంటే నీ ప్రాణం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బక్కయ్య మామ ఏమన్నా పడు. నేను వచ్చాక ఆ మాటలన్నీ నన్ను అనమని చెప్పు, తల వంచుకొని పడతాను.

బాలమణీ, ఇప్పటిదాకా అమ్మకు చదివి వినిపించావు. ఇక్కడినుంచి ఇది నీకు.

ఈ ఉత్తరం నీ చేత చదివించకూడదని ఎంతో అనుకున్నాను. బడిపంతులుకు రాద్దామా అంటే వాడ కన్నా ముందు ఊరికి తెలుస్తుంది, అప్పుడు అమ్మ చెప్పే మాట ఎవరూ వినరు. మన ఇంట్లో అక్షరాలు వచ్చింది నీకొక్కదానికే. నేనే కూర్చోబెట్టి పలక మీద దిద్దించాను. ఇట్లాంటిది చదవడానికి నేర్పించానని అప్పుడు నాకేం తెలుసు?

పోయిన ఉత్తరంలో అమ్మ రాయించింది, "కడుపుతోటున్న పిల్ల, ఆ జాడీల తొక్కు లేకుంటె ముద్ద దిగుతలేదు దీనికి" అని. నీ చేత్తోనే నీ ముచ్చట రాసుకున్నావు. అది చదివి నేను నవ్వాను, పక్కనున్న మల్లయ్యకు చదివి వినిపించాను కూడా. దాని కింది వరసలోనే ఉంది జాడీ తెల్లబడిందన్న మాట.

ఇక్కడి ఆడవాళ్ల దవాఖానకు వెళ్లి డాక్టరమ్మను అడిగాను. దాచకుండా రాస్తున్నాను. ఇప్పుడు ఆపేస్తే ఒళ్లు దాన్ని మెల్లగా వదిలించుకుంటుందట. పాలు తాగు, ఆకుకూరలు తిను, కడుపు కట్టేసినట్టు నొప్పి వస్తే ఓర్చుకోకుండా నాగర్‌కర్నూల్ దవాఖానకు పో. బిడ్డ సంగతి అడిగితే ఆమె, "ఇక్కడ కూసోని నేనెట్ల చెప్తనయ్యా? బిడ్డ మునుపటి లెక్క మెసులుతుందా, లేదా? ముందు అది అడుగు" అంది. బయటికి వచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను. నీ పెళ్లిలో కూడా నాకంత ఏడుపు రాలేదు.

నన్ను క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు చెల్లే. దానికి ఇంకా సమయం ఉంది. మల్లయ్య నీ జవాబు కోసమే కూర్చున్నాడు. అమ్మ నీ పక్కన చేరి, "అంత మంచిగనే ఉన్నదని రాయి, అన్న రంది పడతడు" అంటుంది. ఇన్నేళ్లూ అమ్మ చెప్పిందే రాశావు. ఈ ఒక్కసారి రాయకు. నువ్వు కడుపు మీద చెయ్యి పెట్టుకొని కూర్చో. ఎంతసేపైనా సరే, మల్లయ్య కూర్చుంటాడు. బిడ్డ కదిలితే కదిలిందని రాయి. కదలకపోతే అదీ రాయి.

ఇట్లు,
ఆ జవాబు కోసం ఎదురుచూసే
నీ అన్న
నారాయణ